చేవకర్ర పెన్నులు: లేత్ మీద తొలి పాఠాలు

పెన్ టర్నింగ్ అంటే గిర్రున తిరిగే కర్ర ముక్కను ఉలితో చెక్కి పెన్ను తయారుచేయడం. మంచం కోళ్లు, బొంగరాలు, చపాతీ కర్రలు తయారయ్యేది కూడా ఈ పద్ధతిలోనే. పూర్వం దీన్ని తరిమెన పట్టడం అనేవారు, ఖరాదు పని అనడం కూడా ఉంది. ఇప్పుడు అందరికీ తెలిసిన మాట లేత్ మిషన్. దాని మీద తయారయ్యే వస్తువుల్లో పెన్ను చాలా చిన్నది. అయిదంగుళాల పొడవు, ముప్పావు అంగుళం మందం ఉన్న కర్ర ముక్క ఒక పెన్నుకు సరిపోతుంది. సామిల్లులో పొయ్యి కిందికి పోయే తుండులోంచి ఇలాంటివి నాలుగైదు తీయవచ్చు. యంత్రం కూడా ఒక బల్ల మీద పట్టేదే. ఇంటి వెనక చిన్న గదిలో సాగించగల అభిరుచి ఇది.

చిన్నదని తేలిక పని అనుకోవడానికి లేదు. ఆ ముక్క నడిమధ్యలో తిన్నని రంధ్రం పడాలి. రంధ్రంలో ఇత్తడి గొట్టం గట్టిగా అతుక్కోవాలి. పెన్ను పూర్తయ్యేసరికి గొట్టం చివరల దగ్గర మిగిలే కర్ర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఉలి తిప్పడమే ఇందులో అసలు విద్య అని కొత్తవాళ్లు అనుకుంటారు. కానీ తొలి పెన్నులు చాలావరకు పాడయ్యేది తడి ఆరని కర్ర వల్ల, పక్కకు పోయిన రంధ్రం వల్ల, మొద్దుబారిన పనిముట్ల వల్ల. ఈ మూడూ యంత్రం మీట నొక్కకముందే చూసుకోవలసినవి.

తెలుగు నేలకు పెన్నుల తయారీ కొత్త కాదు. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం 1932లో రత్నం పెన్నుల తయారీ మొదలుపెట్టారు. స్వదేశీ వస్తువు ఏదైనా తయారుచేయమన్న గాంధీజీ మాటే దానికి ప్రేరణ. తయారైన పెన్ను గాంధేయ ఆర్థికవేత్త జె.సి.కుమారప్ప చేతుల మీదుగా గాంధీజీకి చేరింది. దాన్ని వాడి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా ఇది పనికొస్తుందని ఆయన 1935లో ఉత్తరం రాశారు. అదే ఊళ్లో తర్వాత గైడర్ పెన్నులు వచ్చాయి. ఈ సిరా పెన్నులకు పేరు తెచ్చినది ఎబొనైటు. రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి ఉడికిస్తే గట్టిపడి కర్రలాగా చెక్కడానికి వీలయ్యే పదార్థం అది. ఆ కడ్డీని లేత్‌కు బిగించి, లోపల తొలిచి, మరలు కోసి, పైన నునుపు తేల్చి పెన్ను చేస్తారు.

కర్రను లేత్ మీద పట్టడంలో ఏటికొప్పాకది పెద్ద పేరు. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి మెరుగు తెస్తారు. పెన్ టర్నింగ్ నేర్చేవారికి అందులో ఒక పాఠం ఉంది. రంగైనా మెరుపైనా వస్తువు లేత్ మీద ఉండగానే అద్దడం సులువు, దింపాక చేతితో అద్దితే ఆ నునుపు రాదు.

ఉత్తర తెలంగాణలో కొయ్యపని అనగానే నిర్మల్ బొమ్మలు గుర్తుకొస్తాయి. అవి పొణికి కర్రతో చేసినవి. పొణికి తేలికైన మెత్తని కర్ర. చెక్కడానికి వెన్నలా లొంగుతుంది. ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన ముద్దతో అతికి రంగులు వేస్తారు. బొమ్మకు మేలు చేసే ఆ మెత్తదనమే పెన్నుకు పనికిరాదు. మిల్లీమీటరు మందం కూడా లేని చోట మెత్తని కర్ర నిలవదు, గోరు గీసినా గాటు పడుతుంది. పెన్నుకు చేవ కట్టిన గట్టి కర్ర కావాలి.

అలాంటి కర్రలకు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో కొదవ లేదు. అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది టేకు. ఆదిలాబాద్ టేకుకు పేరుంది. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల పట్టణాల్లో తలుపులు, దర్వాజలు చేసే ప్రతి దుకాణంలోనూ టేకు తుండ్లు మిగులుతాయి. టేకు ఎండితే పెద్దగా వంగదు, పగలదు. కాకపోతే దానిలో సన్నని ఇసుక లాంటి పదార్థం ఉండి ఉలి పదునును త్వరగా తినేస్తుంది. దానిలోని జిడ్డు వల్ల జిగురు సరిగా పట్టదు. అతికే ముందు రంధ్రం లోపల థిన్నరుతో తుడవడం మంచిది.

చింత చేవ ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. చాలా గట్టిది. నునుపు తేలితే అద్దంలా మెరుస్తుంది. నల్లతుమ్మ ఎర్రగా, బరువుగా ఉంటుంది. నాగలికీ బండి చక్రానికీ వాడింది దాని గట్టిదనం చూసే. వేప మధ్యస్థమైన కర్ర, కొత్త చేతికి అనువైనది. మామిడి కర్ర కొంత మెత్తన. అయినా బూజు పట్టి నల్లని గీతలు తేలిన మామిడి ముక్క పెన్నులో చాలా అందంగా కనిపిస్తుంది. బిల్లుడు కర్ర పసుపు పచ్చగా, పట్టులా నిగనిగలాడుతుంది, దాని పొట్టు మాత్రం కొందరికి ఒంటి మీద దురద పుట్టిస్తుంది. తునికి చెట్టును ఈ ప్రాంతంలో బీడీ ఆకు కోసమే ఎక్కువగా గుర్తిస్తారు. బాగా ముదిరిన తునికిలో నడుమ నల్లని చేవ ఉంటుంది, ఎబొనీ జాతికి చెందిన కర్ర అది. ఆ నలుపు పక్కన లేత రంగు తెల్లచెక్క కూడా కలిసి వచ్చేలా ముక్క కోస్తే ఒకే పెన్నులో రెండు రంగులు పలుకుతాయి.

కర్ర ఎక్కడిదన్నది ముఖ్యం. అడవిలో ఎండి పడి ఉన్న కొమ్మ అయినా అటవీశాఖ అనుమతి లేకుండా తేకూడదు. కవ్వాల్ పులుల అభయారణ్యం లాంటి చోట్ల నిబంధనలు ఇంకా కఠినం. సొంత పొలంలోని చెట్టు నరకాలన్నా, చాలా రకాల చెట్లకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. జిట్రేగి, ఎర్రచందనం లాంటివి రసీదు లేకుండా కొనడం చిక్కు తెచ్చుకోవడమే. పెన్నులు చేసేవారికి ఈ చిక్కేమీ అక్కర్లేదు. వడ్రంగి దుకాణంలో మిగిలిన ముక్కలు, పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు, విరిగిన నాగళ్లు, రోకళ్లు, గాలివానకు పెరట్లో విరిగిపడిన చింత కొమ్మ, ఇవే ఏళ్లకు సరిపోతాయి. పాత ఇంటి కర్రకు ఇంకో మేలుంది. అది దశాబ్దాలుగా ఎండి ఉంటుంది. కాకపోతే లోపల మేకు విరిగి ఉందేమో అయస్కాంతంతో చూసుకోవాలి.

ఇక ఆరబెట్టడం. ఈ ప్రాంతంలో పెన్నుల మంచిచెడ్డలు చాలావరకు దీని మీదే ఆధారపడతాయి. కర్ర తడిని బట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. లోపలి ఇత్తడి గొట్టం ఆ మేరకు కదలదు. జూలై, ఆగస్టు ముసురులో చేసిన పెన్ను ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, మంచిర్యాల ఎండలకు లోనైతే, పైన ఉన్న పలుచని కర్ర కుంచించుకుపోబోతుంది. లోపలి గొట్టం దానికి చోటివ్వదు. దాంతో కర్ర నిలువునా పగులుతుంది. పాలిష్ ఎంత బాగా పెట్టినా ఈ పగులును ఆపలేదు.

పచ్చి కొమ్మను తెచ్చినప్పుడు ముందు దాన్ని అంగుళం మందం ముక్కలుగా కోయాలి. కోసిన చివరలకు కరిగించిన మైనం గానీ, రంగు గానీ, ఫెవికాల్ గానీ పూయాలి. దుంగల చివరలకు పేడ పూసే పాత అలవాటులో ఉన్న కిటుకు ఇదే. కర్రలో నీరు చివరల నుంచే త్వరగా పోతుంది. ఆ దారి మూసేస్తే ముక్క అంతటా సమానంగా ఎండి పగుళ్లు రావు. ముక్కలను ఎండలో పెట్టకూడదు. నీడన, గాలి తగిలేలా, మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చాలి. అంగుళం మందానికి ఒక ఏడాది అనేది వడ్రంగుల లెక్క. పెన్ను ముక్క చిన్నది కాబట్టి అంతకన్నా ముందే ఆరవచ్చు. కంటితో చూసి ఆరిందని చెప్పలేం కాబట్టి తూచాలి. ముక్క మీద తేదీ, బరువు రాసి, వారానికోసారి చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాలి. వరుసగా మూడు నాలుగు వారాలు బరువు తగ్గకపోతే ఆ ముక్క ఆ వాతావరణానికి ఆరినట్టు. వానాకాలంలో ఆరినట్టు కనిపించిన ముక్కను ఎండాకాలం దాకా ఉంచి మళ్లీ తూస్తే ఇంకా మంచిది.

యంత్రం విషయానికి వస్తే, పెన్నులకు మినీ లేత్ చాలు. అర హార్స్‌పవర్ మోటారుతో, ఇంటి కరెంటుతోనే నడుస్తుంది. ఎడమ వైపు మోటారు తిప్పే తల ఉంటుంది. కుడి వైపు కర్రను ఆనించి పట్టుకునే తోక భాగం ఉంటుంది. రెండింటి మధ్య ఉలి ఆనించే కమ్మీ ఉంటుంది. కొనేటప్పుడు చూడవలసినవి మూడు: వేగం మార్చే వీలుందా, తల మొన, తోక మొన ఎదురెదురుగా కచ్చితంగా కలుస్తున్నాయా, తలలో ఉపకరణాలు బిగించే కోను రంధ్రం బజారులో దొరికే కొలతలోనే ఉందా. మొనలు కలవకపోతే పెన్ను ఎప్పటికీ గుండ్రంగా రాదు. కొనకముందు మంచం కోళ్లు పట్టే దుకాణంలో కొన్నాళ్లు కూర్చుని చూడడం మంచి చదువు. అక్కడి పెద్ద యంత్రం పెన్నుకు సరిపోకపోవచ్చు, ఉలి పట్టే తీరు మాత్రం ఒకటే.

ఉలులు రెండు మూడుంటే చాలు. నాలుగు పలకల ముక్కను గుండ్రం చేయడానికి వెడల్పాటి గౌజ్ (వంపు ఉలి), ఆకారం తేవడానికి సన్నని గౌజ్, నునుపు కోతకు ఏటవాలు ఉలి. చివరిది పట్టు తప్పితే కర్రను చటుక్కున లాగేస్తుంది, కాబట్టి చేయి కుదిరాక వాడాలి. హైస్పీడ్ స్టీలు ఉలులు పదునును ఎక్కువసేపు నిలుపుకుంటాయి. వీటితోపాటు సాన యంత్రం తప్పనిసరి. పదునైన ఉలి సన్నని పొరలు తీస్తుంది, మొద్దు ఉలి పొడి రాలుస్తుంది. పొరలు రావడం ఆగి పొడి రాలిందంటే సాన దగ్గరికి వెళ్లవలసిన సమయం వచ్చినట్టే.

ఆ తర్వాత కావలసినది పెన్ను కిట్. అందులో రెండు ఇత్తడి గొట్టాలు, మొన, టోపీ, క్లిప్, నడుమ ఉంగరం, రీఫిల్‌ను తిప్పి బయటికి తెచ్చే మర ఉంటాయి. మొదలుపెట్టేవారు ఎక్కువగా ఎంచుకునేది స్లిమ్‌లైన్ అనే సన్నని రకం, దీనికి 7 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. కిట్ కొనేముందు దానికి పట్టే రీఫిల్ దగ్గరి దుకాణంలో దొరుకుతుందో లేదో కనుక్కోవాలి. స్లిమ్‌లైన్ క్రాస్ రకం రీఫిల్‌తో నడుస్తుంది, అది చిన్న పట్టణాల్లో దొరకడం కష్టం కావచ్చు. పార్కర్ రకం రీఫిల్ పట్టే కిట్లయితే సిరా అయిపోయాక వెతుకులాట ఉండదు. కిట్‌కు సరిపడే బుషింగులు (పెన్ను చివరల మందానికి కొలతగా పనిచేసే లోహపు ఉంగరాలు), వాటిని గుచ్చే మాండ్రెల్ కడ్డీ విడిగా కొనాలి.

పని వరుస ఇది. ముక్కను రెండుగా కోయాలి. ఒక్కొక్కటి ఇత్తడి గొట్టం కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పొడవుండాలి. రెండు ముక్కలు కలిసే చోట గీత గీసుకుంటే చివర్లో కర్ర చారలు తిరిగి కలుస్తాయి. రంధ్రం వేసేటప్పుడు తొందర పడకూడదు. డ్రిల్ బిట్‌ను కొంచెం దించడం, బయటికి తీసి పొట్టు దులపడం, మళ్లీ దించడం. ఒకే ఊపులో దించితే వేడెక్కి కర్ర లోపలే పగులుతుంది, బిట్ పక్కకు కూడా పోతుంది. బిట్ బయటపడే చోట కర్ర చీలకుండా కింద మరో చెక్క పెట్టాలి.

గొట్టం పైభాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ గానీ సూపర్ గ్లూ గానీ పూసి, తిప్పుతూ రంధ్రంలోకి దింపాలి. తిప్పకపోతే జిగురు ఒక పక్కకే చేరి, మరో పక్క ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఉన్న చోటే ఉలి తగలగానే కర్ర ఊడిపోతుంది. ఎపాక్సీ ఆరడానికి సమయం పడుతుంది గానీ ఖాళీలను నింపుతుంది. జిగురు పూర్తిగా ఆరాక, ముక్క చివరలను ఇత్తడి కనిపించేదాకా, గొట్టానికి సరిగ్గా లంబంగా చదును చేయాలి. దీనికి బ్యారెల్ ట్రిమ్మర్ అనే చిన్న పనిముట్టు ఉంది. చివర ఏటవాలుగా ఉంటే పెన్ను అమర్చేటప్పుడు సందు కనిపిస్తుంది, కర్ర మీద ఒత్తిడి ఒక పక్కనే పడి చిట్లుతుంది.

ఇప్పుడు ముక్కలను, బుషింగులను మాండ్రెల్‌కు గుచ్చి లేత్‌కు బిగించాలి. బిగింపు అతి కాకూడదు. అతిగా బిగిస్తే కడ్డీ వంగి పెన్ను గుడ్డు ఆకారానికి వస్తుంది. మీట నొక్కే ముందు చేతితో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. నాలుగు పలకల ముక్కను గుండ్రం చేసేటప్పుడు నిమిషానికి 1500 చుట్లు, ఆ తర్వాత 2500 దాకా పెంచవచ్చు. ఉలి మడమను ముందు కర్రకు ఆనించి, పిడిని నెమ్మదిగా ఎత్తితే అంచు కోయడం మొదలవుతుంది. అంచును నేరుగా గుచ్చితే కర్ర పెచ్చు లేస్తుంది. కోత ఎప్పుడూ లావు వైపు నుంచి సన్నం వైపుకు సాగాలి. చివరల్లో బుషింగు మట్టానికి చేరగానే ఆపాలి. స్లిమ్‌లైన్ బుషింగు సుమారు 8.3 మిల్లీమీటర్లు, గొట్టం 7 మిల్లీమీటర్లు. అంటే ఆ చోట కర్ర చుట్టూ మిగిలేది ముప్పావు మిల్లీమీటరుకు కూడా తక్కువే.

నునుపు తేల్చడానికి 150 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 220, 320, 400, 600 వరకు వెళ్లాలి. వేగం తగ్గించాలి, ఒత్తిడి పెట్టకూడదు. ప్రతి నంబరు తర్వాత యంత్రం ఆపి, కర్ర పొడవునా ఒకసారి రుద్దితే అడ్డగీతలు పోతాయి. ఒక నంబరు దాటేస్తే ముందు కాగితం గీతలు పాలిష్ కింద మరీ స్పష్టంగా కనిపిస్తాయి.

పాలిష్‌లు మూడు రకాలు. నూనె, మైనం పూస్తే కర్ర స్పర్శ సహజంగా ఉంటుంది గానీ చేతి చెమటకు త్వరగా పోతుంది. లక్కను స్పిరిట్‌లో కరిగించిన పాలిష్‌ను గుడ్డతో అద్ది, తిరుగుతుండగా రాపిడి వేడితో ఆరబెడితే మంచి మెరుపు వస్తుంది. మోదుగ చెట్ల మీద పెరిగే లక్క పురుగు ఇచ్చే పదార్థమే దీనికి మూలం. సారాయి రకం ద్రవం తగిలితే ఆ మెరుపు కరుగుతుంది, చేతుల శానిటైజరు అలాంటిదే. మూడోది సూపర్ గ్లూ పూత. పలుచగా పొర మీద పొర వేసి, ఆరాక తడి గరుకు కాగితంతో నునుపు చేస్తారు. రోజూ వాడే పెన్నుకు ఇదే గట్టిది. దాని పొగ కళ్లను మండిస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి. దూదికీ నూలు గుడ్డకూ సూపర్ గ్లూ ఎక్కువగా అంటితే చర్మం కాలేంత వేడి పుడుతుంది, పూయడానికి కాగితం తువ్వాలు వాడాలి.

అమరిక చివరిది. కింది గొట్టంలోకి మొనను, రెండో చివర నుంచి తిప్పే మరను వైస్‌తో నిటారుగా నొక్కాలి. మర మీద ఉన్న గీత దాకా నొక్కి ఆపి, రీఫిల్ బిగించి చూడాలి. రీఫిల్ మొన బయటికి తక్కువ వస్తే ఇంకొంచెం నొక్కవచ్చు. ఎక్కువ నొక్కితే వెనక్కి తీయడం కష్టం. పై గొట్టానికి క్లిప్, టోపీ అమర్చి, నడుమ ఉంగరం పెట్టి, రెండు భాగాలను చారలు కలిసేలా జతచేస్తే పెన్ను పూర్తి.

భద్రత నియమాలు కొన్నే, వాటికి మినహాయింపు లేదు. ముఖానికి అడ్డు, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. చున్నీ, చీర కొంగు, కండువా, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు, ఉంగరాలు, చేతి దారాలు తిరిగే యంత్రం దగ్గరికి రాకూడదు. చేతి తొడుగులు కూడా వద్దు, అవి చిక్కుకుంటే చేతినే లాగుతాయి. కరెంటు పోయినప్పుడు వెంటనే మీట ఆపి ఉలిని వెనక్కి తీయాలి. లేకపోతే కరెంటు తిరిగి రాగానే యంత్రం తనంతట తాను లేస్తుంది. వోల్టేజి ఎగుడుదిగుడులున్న ఊళ్లలో మోటారుకు స్టెబిలైజర్ పెట్టడం మేలు. పిల్లలు నేర్చుకుంటుంటే పెద్దలు పక్కనే ఉండాలి.

కిట్ పెన్నులు చేయి కుదిరాక ఎబొనైటు కడ్డీల మీదికి వెళ్లవచ్చు. అప్పుడు మూత, ఒళ్లు, మరలు అన్నీ సొంతంగా కోయాలి, కొనేది పాళీ, దాని కింది నాలుక మాత్రమే. రాజమండ్రి పనివారి విద్య అది. తొలి కర్ర పెన్ను పగలకుండా ఒక ఎండాకాలం దాటాక ఆ మెట్టు ఎక్కడం సబబు.

ఈ అభిరుచి మీద మనసు పడినవారు ముందుగా యంత్రం ధరలు వెతకనక్కర్లేదు. దగ్గరి వడ్రంగి దుకాణం నుంచి టేకు, వేప, చింత, నల్లతుమ్మ ముక్కలు కొన్ని అడిగి తెచ్చి, అంగుళం మందానికి కోసి, చివరలకు మైనం పూసి, తేదీ, బరువు రాసి నీడన పేర్చండి. అవి ఆరేలోపు ఉలికి పదును పెట్టడం నేర్చుకోండి. ఆ తర్వాతే లేత్ కొనండి.